‘ఆ ఒక్క మాట చెప్పేస్తే పోయేదిగా?’: కథల్లో ఆలుమగల మాట ఎక్కడ తెగుతుంది

భార్యాభర్తల కథ చదివాక పాఠకుల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది. ‘ఇంత రాద్ధాంతం ఎందుకు? ఆ ఒక్క మాట చెప్పేస్తే పోయేదిగా?’

ఈ ఫిర్యాదును తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. కొన్ని కథల విషయంలో అది నూటికి నూరు పాళ్లూ న్యాయం. భర్తతో కనిపించిన అమ్మాయి అతని చెల్లెలి స్నేహితురాలని ఎనిమిదో పేజీలో గానీ తెలియదు. ఈలోగా భార్య సూట్‌కేసు సర్దేస్తుంది. అక్కడ మాట ఆగింది మనుషుల స్వభావం వల్ల కాదు, మిగతా ఏడు పేజీలూ నిండాలి గనుక. ఇదే ఫిర్యాదును మంచి కథల మీదా వేస్తుంటారు, చిక్కంతా అక్కడే. ఆ కథల్లో దంపతులు నోరు కుట్టేసుకుని ఏమీ ఉండరు. చాలాసార్లు తెగ మాట్లాడుకుంటూనే ఉంటారు.

క్లుప్తంగా: దంపతుల మధ్య మాట కుదరని స్థితిని బాగా చూపించిన కథల్లో సమాచారానికి కొరత ఉండదు. చెప్పాల్సింది ఏమిటో ఇద్దరికీ ఎంతో కొంత తెలుసు, చెబితే ఏం పోతుందో కూడా తెలుసు. అందుకే మాట పక్కదారి పడుతుంది. చెప్పకుండా వదిలేయడం మీదే నడిచే చిన్న కథకు ఈ వస్తువు బాగా అతుకుతుంది. అంత బాగా అతకడం వల్లే రచయితలు దీన్ని అడ్డదారిగానూ వాడేస్తుంటారు.

‘ఏం లేదు’, ‘నీ ఇష్టం’

‘ఏమైంది?’
‘ఏం లేదు.’

ఈ జవాబులో సమాచారం సున్నా. అయినా ఆ గదిలో ఉన్న మనిషికి చాలా అందుతుంది. మామూలు గొంతుతో అంటే నిజంగానే ఏం లేదు. రెండు మాటల మధ్య కాస్త ఆగి అంటే చాలానే ఉంది. మొహం అటు తిప్పుకుని అంటే, ఉంది గానీ ఇప్పుడు కదపొద్దు.

‘నీ ఇష్టం’ ఇంకా గడ్డు మాట. అనుమతి, అలక, హెచ్చరిక మూడూ అందులో ఇమిడిపోతాయి. దాన్ని అనుమతి అనుకున్న మనిషి మర్నాడు ‘నువ్వే కదా నీ ఇష్టం అన్నావు’ అంటాడు. హెచ్చరికగా అన్న మనిషికి ఆ జవాబు రెండో దెబ్బ.

కథలో అసలు కష్టం ఏమిటంటే గొంతు కాగితం మీదికి రాదు. ‘నీ ఇష్టం, అంది ఆమె కోపంగా’ అని రాస్తే పాఠకుడికి చేయడానికి పనేమీ మిగలదు. పైగా భర్త మొద్దులా కనిపిస్తాడు. అంత స్పష్టమైన కోపం అతనికెందుకు తెలియలేదు మరి? అదే, ‘నీ ఇష్టం, అంది. మడతపెట్టిన దుప్పటిని విప్పి మళ్లీ మడతపెట్టింది’ అని రాస్తే పాఠకుడు కూడా ఆ భర్త నిలబడ్డచోటే నిలబడతాడు. దుప్పటి చూశాడు, ఏదో ఉందని తెలిసింది, అదేమిటో ఖాయంగా తెలియదు. అడిగితే ‘ఏం లేదు’ అంటుందని మాత్రం తెలుసు.

దగ్గరితనమే ఇక్కడ దారి తప్పిస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలూ చెబుతారు. కెనెత్ సవిట్‌స్కీ, బోఅజ్ కైసర్, మరికొందరు కలిసి 2011లో ప్రచురించిన పరిశోధనలో పెళ్లయిన జంటలకు రకరకాలుగా అర్థం చేసుకోగల వాక్యాలు వినిపించి చూశారు. సొంత మనిషి పలికినా, ముక్కూమొహం తెలియని మనిషి పలికినా, ఆ వాక్యం వెనకున్న ఉద్దేశాన్ని పట్టుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా ఉన్నదల్లా ధీమాలో. మనవాళ్ల మాట మనకు అర్థమైపోతుందన్న నమ్మకం అసలు అర్థమైనదాన్ని మించిపోయింది. కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు మనిషి విడమరిచి చెబుతాడు, అయినవాళ్ల దగ్గర సగంలో వదిలేస్తాడు. కథల్లో దంపతులు వదిలేసేది ఆ మిగతా సగమే.

నలభై నిమిషాల స్టేషన్

1927లో వచ్చిన అమెరికన్ రచయిత హెమింగ్వే కథ ‘హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్’ను ఈ చర్చలో అందరూ చూపిస్తారు. అరిగిపోయిన ఉదాహరణే అయినా, దగ్గరికి జరిగి చూస్తే ఇంకా పనికొస్తుంది.

స్పెయిన్‌లో ఎబ్రో నది లోయ. ఎండలో, రెండు పట్టాల వరుసల మధ్య ఒక స్టేషన్. బార్సిలోనా నుంచి మాడ్రిడ్ వెళ్లే రైలు నలభై నిమిషాల్లో రావాలి. నీడలో బల్ల దగ్గర ఒక అమెరికన్, అతనితో ఒక అమ్మాయి. అతను ఆమెను జిగ్ అని పిలుస్తాడు. వాళ్లకు పెళ్లయిందో లేదో కథ చెప్పదు. ఇద్దరి మధ్య నలుగుతున్నది గర్భస్రావం గురించి. ఆ పదం కథ మొత్తం మీద ఒక్కసారి కూడా రాదు. ఆపరేషన్ అన్న మాట వస్తుంది, మిగతా చోట్లంతా ‘అది’.

ఈ ‘అది’ దగ్గరే మాట జారిపోతుంది. అతని నోట ‘అది’ అంటే ఆపరేషన్: చాలా తేలికైనది, అయిపోతే అన్నీ మునుపటిలా ఉంటాయి. ఆమె నోట అదే మాటకు ఇంకా చాలా అర్థాలున్నాయి. ఒకసారి అది కడుపులో ఉన్న బిడ్డ, ఇంకోసారి ఇద్దరి మధ్య మునుపున్న సరదా, మరోసారి చేజారిపోతున్న ప్రపంచం మొత్తం. ఇద్దరూ ఒకే పదం పట్టుకుని వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతుంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, అతనికి అక్కర్లేదు.

కథ మొదట్లో ఆమె కొండల్ని చూసి తెల్ల ఏనుగుల్లా ఉన్నాయంటుంది. తానెప్పుడూ చూడలేదంటాడు అతను. చూసి ఉండవులే అంటుంది. చూసి ఉండొచ్చు, నువ్వన్నంత మాత్రాన రుజువు కాదుగా అంటాడు. చూడ్డానికి ఇది పనికిమాలిన కీచులాట. కానీ ఆమె చేసింది ఒక పలకరింపు, ‘నాతో కలిసి అటు చూడు’ అని. దంపతుల మాటతీరు మీద దశాబ్దాలు పనిచేసిన జాన్ గాట్‌మన్ ఇలాంటి చిన్న చిన్న పలకరింపులకు అందే స్పందనను చాలా ముఖ్యంగా లెక్కిస్తాడు. అమెరికన్ ఆ పలకరింపును వాదనగా మార్చేశాడు. కాసేపటి తర్వాత ఆమె మళ్లీ అక్కడికే వస్తుంది. ఆ పని చేయించుకుంటే, ఆ తర్వాత ఏదైనా తెల్ల ఏనుగుల్లా ఉందని తానంటే అతనికి మళ్లీ నచ్చుతుందా అని అడుగుతుంది. కథ మొత్తంలో ఇంత సూటి ప్రశ్న ఇంకోటి లేదు. అతను నచ్చుతుందనే అంటాడు. ఆ వెంటనే మళ్లీ ఆపరేషన్ మాట.

అతను పదే పదే అనేది ఒకటే: నీకు ఇష్టం లేకపోతే వద్దు. అంటే, తెలుగు ఇళ్లలోని ‘నీ ఇష్టం’. బలవంతం చేస్తూ, బలవంతం చేయలేదని రుజువు పెట్టుకునే వాక్యం. చివరికి ఆమె దయచేసి మాట్లాడటం ఆపమని అడుగుతుంది. ఆ ఒక్క వాక్యంలో ‘ప్లీజ్’ ఏడుసార్లు వస్తుంది. మాటలు లేక కాదు, మాటలు ఎక్కువై ఆమెకు ఊపిరి ఆడటం లేదు.

ఇంకో చిన్న సంగతి. స్టేషన్‌లో అమ్మే ఆవిడ మాట్లాడేది స్పానిష్. అది అతనికి వచ్చు, అమ్మాయికి రాదు. రైలు ఐదు నిమిషాల్లో వస్తుందన్న ముక్క కూడా అతను చెబితే తప్ప ఆమెకు తెలియదు. చుట్టూ ఉన్న లోకమంతా అతని నోటి గుండానే ఆమెకు చేరుతోంది. దీని మీద రచయిత ఒక్క వ్యాఖ్య చేయడు. ఆఖరున ఎలా ఉన్నావని అతను అడిగితే, బాగానే ఉన్నానంటుంది, తనకేమీ కాలేదంటుంది. ‘ఏం లేదు’ అన్నమాట.

ఇప్పుడు మొదటి ఫిర్యాదు దగ్గరికి వస్తే, ఈ ఇద్దరిలో ఎవరికీ తెలియని సంగతి ఏదీ లేదు. చెప్పేయడానికి మిగిలిన ఆ ఒక్క మాట ఏది?

చిన్న కథకే ఎందుకింత నప్పుతుంది

నవలలో దంపతులకు ఇరవై ఏళ్లు ఇవ్వొచ్చు. పెళ్లి, పిల్లలు, బదిలీలు, అప్పులు, ఒక్కోటీ మాటను ఎలా తరిగేస్తూ వచ్చిందో అంచెలంచెలుగా చూపొచ్చు. చిన్న కథకు దొరికేది ఒక సాయంత్రం. కాబట్టి కారణాలన్నీ తెర వెనక్కి పోయి ఫలితం ఒక్కటే వేదిక మీద ఉంటుంది. పాఠకుడు వెనక్కి నడిచి కారణాలు వెతుక్కోవాలి.

ఈ పనితీరును వివరించడానికి హెమింగ్వే 1932లో మంచుకొండ పోలిక తెచ్చాడు: ఎనిమిదింట ఒక వంతే నీటి పైన, మిగతా ఏడు వంతులూ కింద. రచయితకు ఆ కిందిది తెలిసి ఉండాలి, తెలియక వదిలేస్తే కథలో బోలు పడుతుందన్నాడు. మన అలంకార శాస్త్రంలో ఇది కొత్త సంగతేమీ కాదు. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు వాచ్యం (నేరుగా చెప్పిన అర్థం) కంటే ధ్వనికి (సూచనగా అందే అర్థానికి) పెద్దపీట వేశాడు. తేడా ఒకటుంది. ధ్వనిని అందుకోవడానికి సహృదయుడు, అంటే మనసుపెట్టి అందుకోగల మనిషి, కావాలన్నారు పెద్దలు. ఈ కథల్లో పాత్రలు ఒకరికొకరు సహృదయులు కాలేకపోతారు, ఆ స్థానం పాఠకుడికి దక్కుతుంది. భార్య అన్నది భర్తకు అందదు, మూడో కుర్చీలో కూర్చుని చదువుతున్న మనిషికి అందుతుంది. కథ బిగువంతా ఈ ఏర్పాటులో ఉంది.

అయితే కథల్లో కనిపించే మౌనమంతా జీవితం నుంచే వచ్చిందనుకోవడం పొరపాటు. అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ 1981 సంపుటి ‘వాట్ వియ్ టాక్ ఎబౌట్ వెన్ వియ్ టాక్ ఎబౌట్ లవ్’ దంపతుల మధ్య పొడిపొడి మాటలకు పెట్టింది పేరు. పేరు పెట్టిన ఆ కథలోనే రెండు జంటలు వంటింటి బల్ల చుట్టూ కూర్చుని, తాగుతూ, ప్రేమ అంటే ఏమిటో చెప్పబోతూ చెప్పలేకపోతారు. కిటికీలో వెలుగు పోయి గది చీకటైనా ఎవరూ కదలరు. ఆ సంపుటిని ప్రచురణకు సిద్ధం చేసిన ఎడిటర్ గోర్డన్ లిష్ రాతప్రతిలో దాదాపు సగం కొట్టేశాడు. అసలు ప్రతి ‘బిగినర్స్’ పేరుతో 2009లో బయటికొచ్చాక పోల్చి చూస్తే, మొదటి ప్రతిలో పాత్రలు ఇంకా ఎక్కువ చెప్పుకుంటారు, ఇంకాస్త మెత్తగా ఉంటారు. అంటే ఒక తరం రచయితలు నేర్చుకున్న ఆ మౌనంలో కొంత భాగం దంపతులది కాదు, కత్తెరది. ఆ తర్వాత ఎన్నో భాషల్లో ఎందరో కథకులు ముక్కలు ముక్కలుగా మాట్లాడే జంటల్ని రాశారు. కింద ఏడు వంతులూ ఉన్నాయా, పైనున్న ఒక్క వంతేనా అన్న అనుమానం వాటిలో కొన్నింటి మీద రాక మానదు.

చక్రం ఎక్కడ మొదలైంది?

మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ వాట్జ్‌లవిక్ మరో ఇద్దరితో కలిసి 1967లో రాసిన పుస్తకంలో ఒక జంట వస్తుంది. భార్య సాధిస్తోంది కాబట్టి ముడుచుకుపోతున్నానంటాడు భర్త. ముడుచుకుపోతున్నాడు కాబట్టే సాధిస్తున్నానంటుంది భార్య. ఇద్దరూ చెప్పేది నిజమే. జరిగేది ఒకటే చక్రం. మొదటి గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే తగవు.

కథకు దృష్టికోణం ఎంచుకోవడమంటే ఆ గీత గీయడమే. భార్య వైపు నుంచి మొదలెడితే అతని మౌనం కారణం, ఆమె అరుపు ఫలితం. అతని వైపు నుంచి అయితే తారుమారు. మంచి కథకులకు ఈ సంగతి బాగా తెలుసు, అందుకే దాన్ని రెండు రకాలుగా వాడుకున్నారు.

ఒకటి, ఒక వైపే నిలబడి, అటువైపు ఎందుకు వినబడదో చూపించడం. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ ‘ది యెల్లో వాల్‌పేపర్’ (1892) అలాంటిది. భర్త డాక్టర్. తిట్టడు, కొట్టడు, ముద్దుగా మాట్లాడతాడు, విశ్రాంతి తీసుకోమంటాడు, రాయడం మానమంటాడు. తన మనసు బాగాలేదని చెప్పబోయి ఒక రాత్రి ఆమె వాక్యం మధ్యలోనే ఆగిపోతుంది, అతను లేచి కూర్చుని చూసిన చూపుకు. కాఠిన్యం, మందలింపు రెండూ ఉన్న చూపది. అతని దగ్గర ఆమె చెప్పే ప్రతి మాటా జబ్బు లక్షణం కిందికే వస్తుంది. ‘చెప్పేస్తే పోయేదిగా’ అన్నవాళ్లు ఈ కథ దగ్గర తడబడతారు. ఆమె చెప్పింది. వినే పద్ధతిలోనే మాటకు తావు లేదు.

రెండోది ఇంకా మెలిక ఉన్న పద్ధతి: తప్పుగా అర్థం చేసుకుంటున్న మనిషి తలలోనే పాఠకుణ్ని కూర్చోబెట్టడం. జేమ్స్ జాయిస్ ‘ది డెడ్’ (1914)లో గేబ్రియల్ విందు నుంచి హోటల్ గదికి వచ్చేదాకా భార్య గ్రెటా మొహంలోని ఆ మెరుపు తన కోసమేనని నమ్ముతాడు. పాఠకుడూ నమ్ముతాడు, అంతకంటే వేరే ఆధారం ఇవ్వలేదు కాబట్టి. గదిలోకి వచ్చాక తెలుస్తుంది, విందులో ఎవరో పాడిన పాట విని ఆమె తన చిన్ననాటి ప్రేమికుణ్ని, వానలో తన కోసం నిలబడి చనిపోయిన మైకేల్ ఫ్యూరీని తలుచుకుంటోందని. ఇందులో ఆమె అబద్ధం ఆడలేదు. అడిగినప్పుడు చెప్పింది. ఇన్నేళ్ల కాపురంలో అడిగే సందర్భం రాలేదు, అంతే. తప్పు ఎవరిదన్న ప్రశ్నకు ఈ కథలో చోటే దొరకదు.

భార్యతో అనలేనిది నౌకరుతో

మాట నేరుగా పోలేనప్పుడు దొడ్డిదారి వెతుక్కుంటుంది. ఉత్తరం, స్నేహితులు, నౌకరు, ఇప్పుడైతే ఫోను. ఈ దొడ్డిదారులు కథకులకు బంగారు గని.

1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ను స్త్రీ విద్య కథగా, సంస్కరణ కథగా చదవడం అలవాటైంది. మాట ప్రయాణం వైపు నుంచి చూస్తే అది మరోలా కనిపిస్తుంది. అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు గోపాలరావు ఇంటికొస్తాడు. భార్య కమలిని లేదు, బల్ల మీద ఉత్తరం ఉంది. అందులో విషయం కంటే ముందు అతనికి గుచ్చుకునేది సంబోధన. ఎప్పటి ‘ప్రియ’ పోయి ‘అయ్యా’ వచ్చింది. ఒక్క పిలుపు మారగానే ఇద్దరి మధ్య దూరం ఎంతో తేలిపోయింది. పిలుపులోనే దూరాన్ని కొలిచే వీలు తెలుగులో ఎక్కువే. నువ్వు, మీరుల మధ్య ఒక్కసారి అటు నుంచి ఇటు మారితే చాలు, పేజీ వివరణ అక్కర్లేదు. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’లో ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది, ఇంట్లో ఎవరినడిగినా తెలియదు. చివరికి చిన్ననాటి స్నేహితురాలు పిలిస్తే గానీ పేరు దొరకదు.

గోపాలరావు దగ్గరికి తిరిగొస్తే, అతను పశ్చాత్తాపపడేది భార్య ముందు కాదు. నౌకరు రాముడి ముందు. భార్య మంచిదని, తనదే తప్పని, భార్యతో ఏనాడూ అనని మాటలు ఆ రాత్రి రాముడితో అంటాడు. కమలిని మంచం కింద ఉండి అంతా వింటుంది. ఆ ఇంట్లో మాట చేరాల్సిన చోటికి చేరింది పొంచి వినడం వల్ల. కథ నవ్వుతో, గాజుల చప్పుడుతో ముగుస్తుంది కాబట్టి ఈ ఏర్పాటులోని చేదు అంతగా కనబడదు. ఎదురుగా ఉంటే ఆ మాటలు వచ్చేవా అన్న ప్రశ్నను గురజాడ తెలివిగా వదిలేశాడు.

ఇదే ఏర్పాటు మరో చోట విషమవుతుంది. కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ 1921 నాటి ‘మారేజ్ అ లా మోడ్’లో భర్త విలియం ముఖాముఖి చెప్పలేక భార్య ఇసబెల్‌కు పెద్ద ప్రేమలేఖ రాస్తాడు. ఆమె దాన్ని ఇంటికొచ్చిన స్నేహితుల ముందు చదివి వినిపిస్తుంది. అందరూ పగలబడి నవ్వుతారు. తర్వాత గదిలోకి పారిపోయి సిగ్గుపడుతుంది, ఉండిపోయి జవాబు రాద్దామనుకుంటుంది. కింది నుంచి స్నేహితులు పిలుస్తారు. తర్వాత రాద్దాంలే అనుకుని వెళ్లిపోతుంది. ‘తర్వాత’ అన్న ఆ ఒక్క ముక్కలో కాపురం సంగతంతా తెలిసిపోతుంది.

2017 డిసెంబరులో ఆన్‌లైన్‌లో దుమారం రేపిన క్రిస్టెన్ రూపేనియన్ ‘క్యాట్ పర్సన్’లో ఉత్తరం స్థానాన్ని మెసేజ్ తీసుకుంది. వాళ్లు దంపతులు కారు, కాబోయి ఆగిపోయిన జంట. ఇరవై ఏళ్ల మార్గో, ముప్పై నాలుగేళ్ల రాబర్ట్ వారాల తరబడి చమత్కారంగా మెసేజ్‌లు పంపుకుంటారు. తెర మీద కనబడేది అవతలి మనిషిలో కాస్తంత. మిగతాదంతా ఆమె ఊహతో పూరించుకుంటుంది. ఎదురుపడ్డాక ఊహించిన మనిషి, వచ్చిన మనిషి ఒకరు కారని తెలుస్తుంది. వద్దని చెప్పడానికి ఆమె వేళ్లు రావు. చివరికి రూమ్మేట్ ఫోను లాక్కుని ఆ మెసేజ్ పంపేస్తుంది. ఇక్కడా మూడో మనిషే. నౌకరు, అతిథులు, రూమ్మేట్... నూరేళ్లలో వస్తువులు మారాయి గానీ పద్ధతి పెద్దగా మారలేదు. మారింది వేగం. ఉత్తరానికి జవాబు ‘తర్వాత’ రాయొచ్చు. మెసేజ్‌కు ఆలస్యం చేస్తే ఆ ఆలస్యమే జవాబు.

మాట పెట్టి చూస్తే

ఫిర్యాదు ఎప్పుడు న్యాయం, ఎప్పుడు కాదు అన్నది తేల్చుకోవడానికి పాఠకుడి దగ్గర ఒక ఉపాయం ఉంది. దాచిన మాటను కథ మధ్యలో ఒక పాత్ర నోట పెట్టి చూడాలి. అక్కడితో కథ కూలిపోతే, రచయిత దాన్ని కావాలని దాచాడన్నమాట. సూట్‌కేసు సర్దిన భార్య కథ అలా కూలుతుంది. మాట పడ్డాక కథ ఇంకా కష్టంగా మారితే, మౌనానికి లోపల బరువుంది. స్టేషన్ కథలో గర్భస్రావం అన్న పదం పెట్టండి, ఏమీ తేలదు. గిల్మన్ కథలో ఆమె చేత ఆ వాక్యం పూర్తి చేయించండి, భర్త ఇంకో విశ్రాంతి మందు రాస్తాడు.

ఈ ఉపాయం అన్నిచోట్లా పనిచేయదని ఒప్పుకోవాలి. ఓ హెన్రీ 1905 కథ ‘ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై’లో డెల్లా జుట్టు అమ్మి భర్త గడియారానికి గొలుసు కొంటుంది. జిమ్ గడియారం అమ్మి ఆమె జుట్టుకు దువ్వెనలు కొంటాడు. ముందే చెప్పుకుంటే కథ పూర్తిగా కూలుతుంది, కొసమెరుపు కోసమే కట్టిన కథ. అయినా ఎవరూ విసుక్కోరు, ఎందుకంటే అక్కడ దాచడానికి కారణం ప్రేమే, పాత్రలది కూడా. కూలిందా లేదా అన్నదానితో పాటు దాచాలన్న కోరిక ఎవరిది, పాత్రదా రచయితదా అని కూడా చూడాలి.

ఇలాంటి కథలు ఎక్కువగా చదివే పాఠకుల మీద ఒక ప్రభావం పడుతుంది. మౌనం లోతుకు గుర్తు, నోరు తెరిచి అడిగే మనిషి పైపై మనిషి అన్న అభిప్రాయం నెమ్మదిగా స్థిరపడుతుంది. విమర్శకులూ దీనికి కొంత బాధ్యులే, చెప్పని కథను మెచ్చుకున్నంతగా చెప్పే కథను మెచ్చుకోరు. గాట్‌మన్ లెక్కలో కాపురాన్ని తినేసే నాలుగు అలవాట్లలో మాట కట్టేసి గోడలా ఉండిపోవడం ఒకటి. మిగతా మూడు తప్పుపట్టడం, చులకన చేయడం, ఎంతసేపూ తనను తాను సమర్థించుకోవడం. కథలో అందంగా కనిపించే ఆ గోడ ఇంట్లో అందమైనదేమీ కాదు.

చెప్పేసుకున్నాక

మరి ఆ ఒక్క మాట నిజంగానే చెప్పేసుకుంటే? ఝుంపా లాహిరి 1998లో రాసిన ‘ఎ టెంపరరీ మ్యాటర్’ ఈ ప్రశ్నను తీసుకుని చివరిదాకా వెళ్తుంది. శోభ, సుకుమార్ బోస్టన్‌లో ఉంటారు. బిడ్డ పుట్టుకతోనే చనిపోయాక ఇద్దరూ ఒకే ఇంట్లో వేర్వేరు గదుల మనుషులైపోయారు. లైన్ బాగుచేయడానికి ఐదు రోజుల పాటు రాత్రి ఎనిమిదికి గంటసేపు కరెంటు తీసేస్తామని నోటీసు వస్తుంది. ఆ చీకట్లో, ఒకరికొకరు ఇంతదాకా చెప్పని సంగతి రోజుకొకటి చెప్పుకుందామంటుంది శోభ.

మొదట్లో అన్నీ చిన్నవి. కొత్తలో అతని ఇంటికి వెళ్లినప్పుడు, తన పేరు అతని అడ్రస్ పుస్తకంలో ఉందో లేదో చాటుగా చూశానంటుంది ఆమె. మొదటిసారి కలిసి భోజనానికి వెళ్లినప్పుడు వెయిటర్‌కు టిప్ ఇవ్వడం మరిచిపోయానంటాడు అతను. రోజు రోజుకీ ఇంకాస్త దగ్గరవుతారు. పాఠకుడికి ఆశ పుడుతుంది. చెప్పుకుంటే అన్నీ చక్కబడతాయన్న సలహాకు ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదనిపిస్తుంది.

ఐదో రోజు, లైన్ అనుకున్నదానికంటే ముందే బాగైపోయిందని నోటీసు వస్తుంది. అయినా కొవ్వొత్తి వెలుగులోనే తింటారు. తిన్నాక ఆమె కొవ్వొత్తి ఆర్పి దీపం వేస్తుంది. ఇది చెప్పేటప్పుడు తన మొహం అతనికి కనబడాలట. వేరే ఇల్లు చూసుకుందట, అద్దెకు సంతకం కూడా పెట్టిందట. అన్ని రాత్రుల ఆటా ఈ మాట కోసం సాధన అని అతనికి అప్పుడు తెలుస్తుంది.

అతని దగ్గరా ఒకటి మిగిలి ఉంది. పుట్టబోయేది ఆడో మగో ముందు తెలియకూడదని ఆమె కోరుకుంది. బిడ్డ పోయాక కూడా తెలియకపోవడమే ఆమెకు మిగిలిన ఒకే ఒక్క మరుగు. ఆసుపత్రికి అతను వచ్చేసరికి అంతా అయిపోయిందని, బిడ్డను చూడలేదని ఆమె నమ్మకం. నిజానికి అతను చూశాడు, ఎత్తుకున్నాడు. ఎప్పటికీ చెప్పకూడదని ఆ రోజే అనుకున్నాడు, అప్పటికి ఆమె మీద ప్రేమ ఉంది కాబట్టి. ఇప్పుడు చెబుతాడు, మగబిడ్డ అని. వేళ్లు ముడుచుకుని ఉన్నాయని.

ఆమె లేచి దీపం ఆర్పేస్తుంది. వచ్చి బల్ల దగ్గర కూర్చుంటుంది. కాసేపటికి అతనూ వచ్చి కూర్చుంటాడు. ఇద్దరూ కలిసి ఏడుస్తారు, ఇప్పుడు తమకు తెలిసిన సంగతుల కోసం.